కొల్లేటి గట్టున మా డిస్కౌంటు ఇల్లు

కొల్లేటికి వెళ్ళాలంటే ఏమేం కొనుక్కోవాలని మా కదిరిలో ఇప్పటికి పదిమందైనా అడిగి ఉంటారు. ఏమీ కొనొద్దంటే నమ్మరు. అది వాళ్ళ తప్పు కాదు. బయలుదేరే ముందు రెండు నెలల పాటు మా ఇంటి ముందు పార్సిలు బండి ఆగని రోజు లేదు, వీధంతా చూసింది.

ముప్పై ఏళ్ళు ఎలక్ట్రికల్ అంగడి నడిపిన మనిషిని నేను. అందులో చివరి పదేళ్ళూ ఆన్‌లైన్ సరుకును నోరు నొప్పి పుట్టేలా తిట్టాను. ఎవరైనా ఆన్‌లైన్‌లో కొన్న బల్బు తెచ్చి వెలగడం లేదంటే "కొన్నచోటే అడుక్కోపో" అని పంపేవాణ్ణి. అట్లాంటివాణ్ణి అంగడి తమ్ముడికి అప్పగించి, పాత స్కూలు వ్యాను ఒకటి కొని, దాన్ని నడిచే ఇల్లుగా మారుద్దామని కూర్చున్నాక నా బుద్ధి ఏమైందో తెలియదు. ఫోన్ తెరిస్తే చాలు, డెబ్బై శాతం తగ్గింపు. ఐదు మీటర్ల ఎల్‌ఈడీ పట్టీ రెండు వందల నలభై తొమ్మిది. నా అంగడిలో దాన్ని ఆరువందలకి అమ్మిన చేతులివి! ఒకటి కొందామనుకున్నవాణ్ణి నాలుగు కొన్నాను. రంగులు మార్చే రిమోటు, మడిచి పెట్టుకునే సింకు, వ్యాను గోడకు అంటుకునే ఫ్యాను (రెండో రోజే ఊడి నా నెత్తిన పడింది), బకెట్లో వేసి మీట నొక్కితే నీళ్ళు చిమ్మే చార్జింగ్ షవరు. అన్నిటికంటే గొప్పది పందిరి. యాప్‌లో దానికేదో ఇంగ్లీషు పేరుంది. వ్యాను పక్కన బిగించి, పిడి తిప్పితే చుట్ట విప్పుకుని రెండు గజాల నీడ పరుస్తుంది. అంత సరుకు అంత చవగ్గా ఎట్లా ఇస్తారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

"ఇంటి దగ్గర ఇల్లు చాలదనా?" అంది మా ఆవిడ లలిత. అని, తనే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ముప్పై ఏళ్ళలో నేను అంగడి మూసి ఆమెను ఎక్కడికీ తీసుకెళ్ళింది లేదు. కొల్లేటి గూడబాతులను ఎప్పుడో పత్రికలో చూసిందట. అవి తప్ప ఇంకేమీ వద్దంది.

ఏలూరు

ఏలూరులో నన్ను మొదట నిలబెట్టేసింది కాలువ. ఊరి మధ్యలో, ఇళ్ళ ముందర, ఏదో వీధి నడుస్తున్నట్టుగా నీళ్ళు నడుస్తున్నాయి. ఎవరూ వాటివంక చూడడం లేదు. మా వైపు ఒక వాగో వంకో పారిందంటే ఊరంతా చెప్పులేసుకుని చూడబోతాం. నేను వంతెన మీద వ్యాను ఆపి చూస్తుంటే వెనక బండ్లన్నీ ఆగాయి. ఒకాయన దిగొచ్చి "ఏవండీ, బండి చెడిందాండీ? తోయమంటారా?" అన్నాడు. తిడతాడని సిద్ధపడి ఉన్నాను. కాలువ చూస్తున్నానని చెప్పలేక, స్టార్టు కావడం లేదని అబద్ధమాడాను. నలుగురు కలిసి తోశారు. పాపం.

సాయంత్రం ఒక టిఫిను బండి పక్కన ఆపి, ఎల్‌ఈడీలన్నీ వేశాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. వ్యాను పెళ్ళివారి బండిలా మెరిసిపోతోంది. పది నిమిషాల్లో మా కిటికీ ముందు అయిదారుగురు వరసగా నిలబడ్డారు.

"రెండు నూడుల్స్ కట్టండి," అన్నాడు ముందున్నాయన.

ఇది కొట్టు కాదు, ఇల్లని చెప్పాను. ఆయన లోపలికి తొంగిచూసి, మంచమూ దిండ్లూ చూసి నాలిక్కరుచుకున్నాడు. "అయ్యో, ఏమనుకోకండేం! లైట్లు చూసి పొరబడ్డాం," అన్నాడు. టిఫిను బండి ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వినందుకు పరిహారంగా పెసరట్టు మీద ఇంకొంచెం నెయ్యి వేసింది. అల్లం పచ్చడితో రెండు పెసరట్లు డెబ్బై రూపాయలు. అట్లాంటి పెసరట్టు నా జన్మలో తినలేదు. తిని, ఇంకొకటి తిన్నాను.

తెల్లవారేసరికి ఎల్‌ఈడీల్లో సగం ఆరిపోయాయి. డిసెంబరు మంచు. నీళ్ళు తగిలినా ఏమీ కాదని యాప్‌లో పెద్దక్షరాలతో రాశారు. మంచు గురించి మాత్రం ఎక్కడా రాయలేదు.

తాడేపల్లిగూడెం

ఉంగుటూరు దాటి తాడేపల్లిగూడెం వెళ్ళేసరికి ఉల్లిపాయల వాసన ఊరి బయటే ఎదురొచ్చింది. లారీలకు లారీలు ఉల్లి. మార్కెట్టు పక్క వీధిలో ఒక ఎలక్ట్రికల్ షాపు కనబడింది. పూజ చేసిన, తీగ తూచే తక్కెడ పక్కన, గల్లాపెట్టె వెనక, అరవై ఏళ్ళ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పేరు శేషగిరి గారట. తాతల నాటి వ్యాపారం.

లోపలికి వెళ్ళడానికి నా కాళ్ళు రాలేదు. ఆయన స్థానంలో నేనుంటే ఏమనేవాణ్ణో నాకు తెలుసు. లలిత మాత్రం ఆరిపోయిన పట్టీని తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టేసింది.

"ఇది ఆన్‌లైన్‌లో కొన్నదండీ," అన్నాను, ముందే ఒప్పుకుంటే మంచిదని.

"ఎక్కడ కొన్నారని నేను అడగలేదు కదండీ. వెలగట్లేదని వచ్చారు. వెలిగించి పంపిస్తాం," అన్నాడాయన.

కళ్ళజోడు పెట్టుకుని పట్టీని వేలితో తడుముతూ వెళ్ళి, అతుకు దగ్గర ఆగాడు. కత్తిరించాడు, టంకం పెట్టాడు, మీద గమ్ము పూశాడు. వెలిగింది. నలభై రూపాయలు తీసుకున్నాడు. నా మొహం కాలిపోయింది. నేనూ ఆ వృత్తి వాడినే అని చెప్పేశాను, నా దగ్గరికి వచ్చినవాళ్ళను ఎట్లా పంపేవాణ్ణో కూడా. ఆయన నవ్వి, టీ తెప్పించాడు.

"చుట్టూ చేపల చెరువుల వాళ్ళేనండీ మాకు బేరం. మోటార్లూ లైట్లూ అన్నీ ఇప్పుడు ఫోన్లోనే కొంటున్నారు. చెడితే మాత్రం ఎక్కడికెళ్తారండీ పాపం? చెరువులో చేప ఆగదు కదా," అన్నాడు.

వ్యాను చూస్తానని తనే బయటికి వచ్చాడు. పందిరి పిడిని ఒకసారి తిప్పి చూసి, మొహం చిట్లించాడు. "దీని లోపలి పళ్ళ చక్రం ప్లాస్టిక్కండీ. నాలుగుసార్లు తిప్పితే అరిగిపోతుంది. ఇరుకు దారుల్లో మాత్రం విప్పకండేం. మడతపడకపోతే చిక్కు," అన్నాడు.

సరేనన్నాను. మనసులో మాత్రం ఈర్ష్య పడుతున్నాడులే అనుకున్నాను. నాదీ ఒక బుద్ధేనా!

గణపవరం దాటాక

గణపవరం దాటాక నేల అయిపోయింది. ఇంతకంటే సరిగ్గా చెప్పలేను. అప్పటిదాకా వరి మళ్ళు, మధ్యమధ్య చెరువులు. ఆ తర్వాత చెరువులు, మధ్యమధ్య దారి. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు, నడుమ ఒక బండి పట్టే మట్టిగట్టు. ఆ గట్టు మీద మనుషులు మేతబస్తాలు కట్టిన మోటారుసైకిళ్ళ మీద, మనం బజారుకి వెళ్ళినంత తేలిగ్గా వెళ్ళిపోతున్నారు. ప్రతి చెరువు మీదా మెరుపు రిబ్బన్లు కట్టి ఉన్నాయి, పక్షులు బెదరాలని. లలిత తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కాసేపటికి "ఇన్ని నీళ్ళు పెట్టుకుని వీళ్ళకు నిద్రెట్లా పడుతుందయ్యా?" అంది. మా ఇంట్లో కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. వచ్చిన రాత్రి మాకు నిద్ర ఉండదు.

పొద్దు వాలే వేళకి గట్టు కొంచెం వెడల్పయిన చోట, మేతబస్తాలు దించుకునే జాగాలో, వ్యాను ఆపాను. చెరువులోంచి ఒకావిడ తడి చీరతో పైకొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ.

"పెట్టుకోండి బండి, పర్లేదండీ," అంది, అడగకముందే. "కానీ పొద్దున్న ఆరున్నరకల్లా దారి వదలాలండీ. నా సీడు బండి వస్తుంది."

సీడంటే చేపపిల్లలు. ఆవిడ పేరు సువార్తమ్మ. ఇరవై ఏళ్ళుగా ఈ గట్ల మీద ఇతరుల చెరువుల్లో పనిచేసింది. మేత వేయడం, వల లాగడం, పక్షులు తోలడం, అన్నీ. ఈ ఏడాది మొదటిసారి ఒక చెరువు తన పేరున కౌలుకు తీసుకుంది. మేం ఆగిన చోటికి మూడొందల గజాల అవతల, గట్టు చివర ఉన్నది. రేపు అందులో బొచ్చె పిల్లలూ శీలావతి పిల్లలూ పోస్తారు.

"ఈ పిల్ల బతికితే నేను చెరువు మనిషినండీ. పోతే మళ్ళీ కూలికే," అని నవ్వింది. ఆ నవ్వులోని భయం నాకు బాగా తెలిసినదే. అంగడి తెరిచిన మొదటి రోజు మా నాన్న మొహంలో చూశాను.

నక్షత్రాల ఊరు

చీకటి పడగానే గట్టు కింది ఊరు వెలిగింది. క్రిస్మస్ నెల కదా, ప్రతి ఇంటి మీదా ఒక నక్షత్రం. తాటాకు ఇంటి మీదా, డాబా మీదా, గేదెల పాక మీదా కూడా. ఎరుపువి, పసుపువి, ఆగి ఆగి వెలిగేవి. చెరువుల్లో వాటి నీడలు పడి, పైన ఒక ఊరూ కింద ఒక ఊరూ. అబ్బ! ముప్పై ఏళ్ళు దీపాలమ్మి బతికాను గానీ, దీపం ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. లలిత చెయ్యి పట్టుకుని నిలబడిపోయాను. పెళ్ళైన కొత్తలో కూడా అట్లా పట్టుకున్నట్టు గుర్తు లేదు.

"ఇవన్నీ ఎక్కడివండీ?" అన్నాను సువార్తమ్మ గారిని.

"ఆన్‌లైనేనండీ! మా వీధంతా కలిసి ఒకేసారి పెట్టాం. నూట తొంభై తొమ్మిది." ఆవిడ మా వ్యాను వైపు చూసింది. "మీ పట్టీ ఎంతకొచ్చిందండీ?"

చెప్పాను. "ఎక్కువండీ. పండగ సేల్‌లో ఇంకా తగ్గేది," అంది జాలిగా. ముప్పై ఏళ్ళ అనుభవం ఆ చెరువులో కలిసిపోయింది. మెరిసే లైట్లు చెరువుల మీద కడితే కొంగలు బెదురుతాయని పక్క చెరువాయన తెప్పించాడట. రెండు రోజులు బెదిరాయట. మూడో రోజు ఆ తీగ మీదే వచ్చి కూర్చున్నాయట.

రాత్రికి ఆవిడ శీలావతి చేపల పులుసు పంపింది. ముళ్ళు తీయడం చేతకాక మేమిద్దరం చిన్నపిల్లల్లా చేతులూ మూతులూ పూసుకున్నాం. మా వైపు ఏ పూట పులుసు ఆ పూటకే. కానీ ఈ పులుసు మరుసటి పూటకే బాగుంటుందని, కొంచెం మిగల్చమని ఆవిడ మరీ మరీ చెప్పింది. మిగల్చలేకపోయాం.

తెల్లారి

అయిదున్నరకు లలిత నన్ను లేపింది. బయట మంచు తెరలు తెరలుగా ఉంది, తడి తుంపరలా పడుతోంది. పక్షులు చూస్తూ టీ తాగడానికి ఆమెకు తలమీద నీడ ఉండాలని నాకు అనిపించింది. ఇంకా గంట టైముంది కదా. పందిరి విప్పాను. గట్టుకు అడ్డంగా రెండు గజాలు పరుచుకుంది. ఇరుకు దారిలో విప్పొద్దన్న మనిషి గుర్తుకొచ్చాడు. ఒక్క నిమిషంలో చుట్టేయొచ్చులే అనుకున్నాను.

అప్పుడు వచ్చాయి గూడబాతులు. మొదట మంచులో చప్పుడు, బట్టలు దులిపినట్టు. తర్వాత ఒకటి, పది, ఇక లెక్కపెట్టడం మానేశాను. ఒక్కొక్కటి మేకపోతంత ఉంది. అంత బరువు గాలిలో ఎట్లా నిలుస్తుందో! మా తలల మీదుగా, ముక్కులు మెడకు ఆనించుకుని, పెద్దమనుషుల్లా నిదానంగా వెళ్ళాయి. లలిత ఏడుస్తోంది. ఎందుకంటే "ఊరికే" అంది. నాకూ కళ్ళు తడిశాయి. ఊరికేనే.

టైము ఎంతయిందో ఇద్దరమూ చూడలేదు. హారన్ మోగింది.

మంచులోంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి మా పందిరి ముందు ఆగింది. వెనక టార్పాలిను తొట్టి, నిండా నీళ్ళు, నీళ్ళలో చిటికెన వేలంత చేపపిల్లలు. వేలు వేలు. తొట్టిలో నడుంలోతు నీళ్ళలో ఒక ముసలాయన నిలబడి చేత్తో నీళ్ళు కలుపుతున్నాడు. నేను పిడి పట్టుకుని తిప్పాను. కరకరమని ఒకసారి అరిచి, పిడి ఊరికే తిరగడం మొదలెట్టింది. పళ్ళు పోయాయి. పందిరి కదలలేదు.

డ్రైవరు రాంబాబు దిగాడు. "తీయండి బాబూ, తొందరగా తీయండి! బండి ఆగకూడదండీ!" అన్నాడు.

నాకు అప్పటికి అర్థం కాలేదు. ఆగితే ఏమవుతుంది? అయిదు నిమిషాలు ఆలస్యం. సువార్తమ్మ గారు పరుగెత్తుకుంటూ వచ్చి, తొట్టిలోకి ఒక్కసారి చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"బండి ఊగుతుంటేనే పిల్లకి ఊపిరండీ. నీళ్ళు నిలబడితే చచ్చిపోతాయి. పది నిమిషాలు... పావుగంట..." అంది. 

తొట్టిలోకి చూశాను. పిల్లలు పైకి వస్తున్నాయి. చిన్న చిన్న నోళ్ళు తెరిచి నీటిమీద గాలి కోసం వెతుకుతున్నాయి. నా బతుకులో నేను చాలా తప్పులు చేశాను గానీ, చేసిన తప్పు అట్లా నోరు తెరిచి నావైపు చూడడం అదే మొదటిసారి.

పందిరి విరిచేద్దామంటే దాని చేతులు ఇనుపవి. వ్యానును ముందుకు తీద్దామంటే పది గజాల్లో కరెంటు స్తంభం, దానికి పందిరి తగులుకుంటుంది. వెనక్కి తీద్దామంటే వెనకే సీడు బండి. మిగిలింది ఒకటే, పైకెక్కి ఎనిమిది బోల్టులూ విప్పాలి. అరగంట పని. పానా తీసుకుని ఎక్కాను. 

"ఏమయ్యా, ఆ షవరెక్కడ?" కింద నుంచి లలిత అరిచింది.

"ఇప్పుడు షవరెందుకే?"

లలిత అప్పటికే కదిలింది. వ్యానులోకి దూరి, మంచం కింద నుంచి దాన్ని లాగి, పంపును తొట్టిలో వేసి మీట నొక్కింది. షవరు తలను ఎత్తి పట్టుకుంది. తొట్టిలోని నీళ్ళు పైకి లేచి తుంపరలుగా మళ్ళీ తొట్టిలోనే పడ్డాయి. ముసలాయన ఒక క్షణం చూసి, "అమ్మా! ఇట్టా పట్టండి, ఈ మూలకి! గాలి కలుస్తోంది!" అన్నాడు. ఎనిమిది వందల తొంభై తొమ్మిది రూపాయల షవరు. మనుషులకు సరిగ్గా ఒక బకెట్టు స్నానం కూడా చేయించలేని షవరు. ఆ మూల పిల్లలు నెమ్మదిగా కిందికి దిగాయి. తొట్టిలో ఇంకా మూడు మూలలున్నాయి.

సువార్తమ్మ గారు ఫోన్లో ఎవరితోనో మాట్లాడింది. ఊళ్ళో చర్చిలో తెల్లవారుజాము ప్రార్థన జరుగుతోంది, మైకులో పాట ఇక్కడికి వినబడుతోంది. ఉన్నట్టుండి పాట ఆగింది.

"సువార్తమ్మ గారి సీడు బండి గట్టు మీద ఆగిపోయిందండీ," అంది మైకులో ఒక గొంతు. "బిందెలు పట్టుకుని రండి. అందరూ రండి. ప్రార్థన తర్వాత చేసుకుందాం."

బిందెలు

బోల్టు విప్పుతూ పైనుంచి చూశాను. ఊరి వైపు నుంచి గట్టు మీద మనుషులు. కొత్త చీరలు, ఉతికిన చొక్కాలు, చేతుల్లో బిందెలు, బకెట్లు. ముప్పైమంది ఉంటారు. ఎవరూ ఏం జరిగిందని అడగలేదు. ఎవరి తప్పని అంతకన్నా అడగలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తొట్టిలో బిందెలు ముంచి, పిల్లల్ని పట్టి, మా పందిరి కింద నుంచి వంగి దాటి, గట్టు చివరకు నడుస్తున్నారు.

షవరు చార్జింగు అయిపోయి ఆగింది. లలిత దాన్ని వదిలేసి తనూ ఒక బిందె అందుకుంది. మా ఆవిడ నీళ్ళు మోయడంలో గట్టిది. మా ఊళ్ళో చిన్నప్పటినుంచీ మైలు దూరం మోసిన మనిషి. బిందె అంచుదాకా నింపి, నడుమున పెట్టి, ఒక్క చుక్క తొణకకుండా, అద్దంలా నిలిపి నడుస్తోంది. పైనుంచి చూసి నాకు గర్వమేసింది.

"అమ్మా! అమ్మా! ఆగండి!" ముసలాయన తొట్టిలోంచి కేకేశాడు. "అట్టా నిలపకూడదమ్మా! ముప్పాతికే నింపండి! ఊపుతూ నడవండి, ఊపుతూ!"

లలిత ఆగి బిందెలోకి చూసింది. పిల్లలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆమె మొహం తెల్లబోయింది. మాకు ఊహ తెలిసినప్పటినుంచీ నేర్పింది ఒక్కటే, నీళ్ళు తొణక్కూడదు. చుక్క ఒలికితే అమ్మ కొట్టేది. ఇప్పుడు తొణకని నీళ్ళే ప్రాణం తీస్తున్నాయి.

ముసలాయన తొట్టి దిగొచ్చి, ఒక బిందె భుజానికెత్తుకుని చూపించాడు. మోకాళ్ళు కొంచెం వంచి, అడుగడుక్కీ ఒళ్ళు ఎగరేస్తూ, నడకా కాదు పరుగూ కాదు. ఆటోలు లేని రోజుల్లో కావిళ్ళ మీద సీడు మోసినవాళ్ళంతా అట్లాగే నడిచేవాళ్ళట, రోజంతా, ఊరి నుంచి ఊరికి. లలిత పిల్లలు జారకుండా చెయ్యి అడ్డం పెట్టి బిందెలో పావు భాగం పారబోసింది. నీళ్ళు పారబోయడం ఆమె జీవితంలో అదే మొదటిసారి అయి ఉంటుంది. తర్వాత ఆ ముసలాయన వెనకే అదే నడక నడిచింది. నీళ్ళు బిందెలో ఎగిరి ఎగిరి పడుతున్నాయి, ఆమె చీరంతా తడుస్తోంది. ముందూ వెనకా ముప్పైమంది అదే నడక. మంచులో, రెండు నీళ్ళ మధ్య, ఊరు ఊరంతా ఎగురుతూ నడుస్తోంది. నా చేతిలో పానా ఆగిపోయింది. "బోల్టు చూడండి బాబూ!" అని రాంబాబు అరిచేదాకా నాకు స్పృహ లేదు.

చివరి బోల్టు ఊడి పందిరి చెరువులో పడేసరికి తొట్టి మూడొంతులు ఖాళీ అయింది. మిగిలినదాన్ని రాంబాబు బండితోనే చివరికంటా తోలుకెళ్ళాడు. చెరువు దగ్గర ఎవరూ బిందెలు కుమ్మరించలేదు. కొంచెం చెరువు నీళ్ళు కలిపి, బిందెను నీళ్ళలో ఒరగబెట్టి వదిలారు. ఓపికున్న పిల్లలు వాటంతటవే వెళ్ళిపోయాయి. కొన్ని వెళ్ళలేదు.

"ఇప్పుడేమీ చెప్పలేమండీ," అన్నాడు ముసలాయన. "దెబ్బతిన్న పిల్ల సాయంత్రానికి తేలిపోద్ది. తేలనిది బతికినట్టే."

వచ్చినవాళ్ళంతా ఖాళీ బిందెలతో వెనక్కి వెళ్ళారు. కాసేపటికి మైకులో పాట, ఆగినచోట నుంచి మళ్ళీ మొదలైంది.

దక్షిణపు మూల

నేను సువార్తమ్మ గారి ఎదుట నిలబడి చేతులు జోడించాను.  ఆవిడ నావంక చూడకుండానే "సాయంత్రం దాకా వెళ్ళకండి," అంది. అంతే.

ఆ పగలు ఎంత పొడుగో! పందిరిని చెరువులోంచి లాగి పక్కన పడేశాను. లలిత నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం సువార్తమ్మ గారింటి నుంచి అన్నం, చేపల ఇగురు వచ్చాయి. అంత జరిగాక కూడా క్యారేజీ పంపిందే ఆవిడ! మూత పెట్టి పక్కన పెట్టేశాం. చెరువు వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండలేను. గూడబాతులు మళ్ళీ వచ్చి పోయాయి. ఇద్దరమూ తలెత్తలేదు.

నాలుగున్నరకు ఆవిడ వెదురుబుట్టతో వచ్చి, "రండి," అంది.

ముగ్గురం గట్టు మీద నడిచాం. ఉత్తరపు గట్టు వెంట మూడు పిల్లలు తేలి ఉన్నాయి. ఆవిడ వంగి ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. బుట్ట నేను తీసుకున్నాను. తూర్పు గట్టున నాలుగైదు. మళ్ళీ వెనక్కి తిప్పి పడమటి గట్టుకు నడిపించింది. అక్కడ రెండు. దక్షిణపు గట్టు వైపు మాత్రం ఆవిడ పోవడం లేదు.

"అటు చూడద్దాండీ?" అన్నాను.

"చూడాలండీ." ఆవిడ కొంగు బిగించింది. "పొద్దుటనుంచీ ఉత్తరపు గాలి కదండీ. పోయినవన్నీ కొట్టుకొచ్చి ఆ మూలకే చేరతాయి. ఇరవయ్యేళ్ళు ఒకళ్ళ చెరువుల్లో ఆ మూలే ఏరాను. ఎన్నోసార్లు బుట్టలకు బుట్టలు. అప్పుడు నాకేం అనిపించేది కాదండీ. కూలి వచ్చేది."

ఆవిడ అక్కడే ఆగిపోయింది. లలిత వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ముందు, బుట్టతో నేను వెనక. మూలలో గడ్డి ఒంగి నీళ్ళను కప్పేసింది. సువార్తమ్మ గారు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో గడ్డిని పాయ తీసింది.

నాలుగు ఆకులు. నురగ. తెల్లగా తేలిన పిల్లలు ఒక గుప్పెడు.

ఆవిడ గడ్డిని ఇంకా పాయ తీసింది, ఇటు, అటు, మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి వెతికింది. ఆ గుప్పెడే. చేతులు నీళ్ళలోనే ఉంచి తలెత్తి మా ఇద్దరినీ చూసింది. 

"బతికాయండీ," అంది.